దారం చూడు

"ఈ దారం ఎవరు మార్చారమ్మా?"

భూతద్దం ఆయన అడగడం ఇది మూడోసారి. మొదటిసారి మామూలుగా అడిగాడు. రెండోసారి కళ్లజోడు తీసి అడిగాడు. మూడోసారికి గొంతులో ఆశ కూడా మిగల్లేదు, చావింటికొచ్చినవాడు పలకరించినట్టు అడిగాడు.

ముందుగది బల్ల మీద వెదురు గాలపు కర్ర మూడు ముక్కలుగా పడుకుని ఉంది. ముప్పై ఏళ్లు అటక మీద గుడ్డసంచిలో ఉన్న కర్ర. ఇప్పుడు దాని ఒంటినిండా కొత్త ఎర్రటి పట్టుదారం నిగనిగలాడుతోంది. గాలపుతాడు దూరే ఉంగరం ఉంగరానికీ, అతుకు అతుక్కీ చుట్టిన దారం ఎంత ఒద్దికగా ఉందంటే వేలితో తడిమినా మొదలూ చివరా దొరకవు.

"నేనే" అంది టైలరమ్మ. "పాతది పోగులు పోగులుగా లేచిపోయింది. మీరొస్తున్నారని, చూడ్డానికి బావుంటుందని, నిన్న పొద్దున్నే కూర్చుని అంతా మార్చేశాను."

గొప్ప పని చేశాననుకుంది పాపం. రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునే మనిషి, చేతిలో పనితనం ఉన్న మనిషి. పాత రవికకి కొత్త అంచు వేసి ఇస్తే మెచ్చుకోని వాళ్లెవరు?

"పాత దారం ఏదీ?"

"బ్లేడుతో కోసి తీశాను. ఆ ముక్కలు పొయ్యిలో..."

భూతద్దం ఆయన భూతద్దాన్ని బల్ల మీద బోర్లించాడు. అంతే, అన్నయ్య కుర్చీలోంచి లేచాడు.

"నాశనం చేశావు! నెలన్నర పాటు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, కాళ్లావేళ్లా పడి ఆయన్ని రప్పిస్తే, ఆయన బస్సు దిగేలోపు నువ్వు దానికి షోకులు చేశావా? నిన్నెవరు ముట్టుకోమన్నారే?"

"నాన్న నేర్పిన పనే కదా అన్నయ్యా."

"నాన్న నేర్పాడు! ఆయన నీకు దారం చుట్టడం నేర్పాడు, నాకు తలొంచుకు తిరగడం నేర్పాడు!"

వంటగది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. కర్ర ఉన్న గదిలోకి అడుగు పెట్టలేదు. వెనక్కీ వెళ్లలేదు.

భూతద్దం ఆయన చెయ్యెత్తి అన్నయ్యని కూర్చోమన్నాడు. ముసలాయన. ఊరూరా తిరిగి పాత కర్రలు చూసి, ఏది ఎవరు చేసిందో, ఎంత పలుకుతుందో చెప్పడమే నలభై ఏళ్లుగా ఆయన పని. కోప్పడ్డం ఆయనకి చేతకాదు, బాధపడ్డమే వచ్చు.

"వినండి. వెదురు చూస్తే పెద్దమేస్త్రి కార్ఖానాదే, అందులో సందేహం లేదు. ఆరు బద్దలు చీల్చి, మధ్యలో వెంట్రుక కూడా దూరకుండా అతికించడం ఇంకెవరికీ చేతకాలేదు. ఇత్తడి గొట్టాలూ అక్కడివే. కానీ ఆ రోజులకి పెద్దమేస్త్రికి చూపు మందగించింది. సగం కర్రలు ఆయన చేస్తే సగం మీ నాన్న చేసేవాడు. ఇద్దరి చేతికీ తేడా నేను కూడా పట్టలేను."

"ముద్ర ఉంటుందన్నారుగా?" అన్నాడు అన్నయ్య.

"లేదు. అక్కడ దారం చుట్టడం అయిపోయాక ముద్ర కొట్టేవారు. అందుకే రెండు దారులున్నాయి. ఒకటి, ఇది పెద్దమేస్త్రి కర్ర. దారం చుట్టడం అయింది, ముద్ర పడలేదు, ఈలోపు కార్ఖానా గోడ మీంచి మాయమైంది."

ఆ మాటకి ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. ముప్పై ఏళ్ల కిందట కార్ఖానా గోడ మీద లెక్కకి ఒక కర్ర తగ్గింది. అదే సాయంత్రం నాన్న ఒక కర్ర చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. మర్నాటికి పని పోయింది. ఆ తర్వాత ఆయన చచ్చేదాకా ఇంటింటికీ తిరిగి పేముకుర్చీలు అల్లాడు.

"రెండోది?" అంది టైలరమ్మ.

"రెండోది, ఇది మీ నాన్న మిగులు వెదురుతో సొంతంగా చేసుకున్నది. ఈ రెంటిలో ఏదన్నది దారమే చెప్పేది తల్లీ. ఆ కార్ఖానాలో గోడకెక్కే ప్రతి కర్రకీ దారం చుట్టింది ఒకే ఒకావిడ. ఎడంచేతి మనిషి. ఎడంచేత్తో చుడితే దారం ఎడమవైపు వాలుతుంది, కుడిచేత్తో చుడితే కుడివైపు వాలుతుంది, మర బిగింపులాగ. పిడి పక్కన చుట్టే మొదటి చుట్టయితే కర్ర బతికున్నన్నాళ్లూ ఎవరూ మార్చరు. ఎడమకి వాలితే కార్ఖానాది, కుడికి వాలితే మీ నాన్నది. అద్దం పెట్టి ఒక్క క్షణం చూస్తే తేలిపోయేది."

"మార్చకూడని చుట్టుని మార్చింది మా చెల్లెలు" అన్నాడు అన్నయ్య.

"వెల సంగతి అడిగారు కదా. పెద్దమేస్త్రిదయితే ఈ ఇంటికి కొత్త పైకప్పు వేసుకోవచ్చు, పక్కన ఇంకో గది కట్టుకోవచ్చు. మీ నాన్నదయితే నాలుగు పెంకులు వస్తాయి." పిడిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇదేమిటో చిన్నగా ఉంది. ఎవరి చేతికో కొలత చూసి చేసినట్టు." మళ్లీ పెట్టేశాడు. "ఐదున్నర బస్సుకి వెళ్లిపోతాను. వీధి చివర టీ తాగి వస్తాను. ఈలోపు పాత దారం ముక్క ఏదైనా దొరికిందా సరే, లేదా 'చేసినవారు తెలియదు' అని రాసిచ్చి పోతాను."

ఆయన గడప దాటగానే అన్నయ్య తలుపు దగ్గరగా వేశాడు.

"ఇలా చూడు. కోసింది నువ్వే కదా. దారం ఎటు వాలిందో చూసినదానివి నువ్వొక్కదానివే. ఎడమకి వాలిందని చెప్పు."

"నేను చూడలేదు అన్నయ్యా. బ్లేడు పట్టుకున్నప్పుడు వెదురు మీద గాటు పడకుండా చూసుకుంటామా, వాలు చూసుకుంటామా?"

"చూశానని చెప్పు. నోటిమాట చాలు ఆయనకి. పెద్దమేస్త్రి తాలూకు ఎవరూ మిగల్లేదు, వచ్చి మాదని అడిగేవాడు లేడు."

"అంటే నాన్న దొంగ అని నన్ను చెప్పమంటావు."

"ఊరు ముప్పై ఏళ్లుగా అంటోంది. నువ్వు కొత్తగా అనేదేముంది?"

"నేను ఒక్కసారి కూడా అనలేదు."

"నీకేం, నువ్వు ఆడపిల్లవి, ఆయన ఒళ్లో కూర్చుని దారాలు చుట్టుకున్నావు. నన్ను బళ్లో కర్రదొంగ కొడుకు అనేవారు. మాస్టారు బెత్తం కనపడకపోతే ముందు నా సంచి వెతికేవాడు. ఆ పేరు ఇన్నేళ్లు మోసినందుకు కూలి వస్తోందనుకో." అని ఆగాడు. గొంతు తగ్గించాడు. "వానొస్తే అమ్మ మంచం చుట్టూ గిన్నెలు పెట్టుకుని పడుకుంటోందే. పోయినాయనకి పరువెందుకు? ఉన్న మనిషికి కప్పు కావాలి."

అదీ అబద్ధం కాదు. అదే వచ్చిన చిక్కు. అన్నయ్య చెడ్డవాడయితే ఎంత సుఖంగా ఉండేది, నాలుగు మాటలని ఊరుకునేది.

"ఆపండి ఇద్దరూ" అంది అమ్మ గుమ్మంలోంచి. "గోడలు వింటున్నాయి."

గోడలే కాదు, కిటికీ పక్క పేముకుర్చీ కూడా వింటోంది. నాన్న అల్లుకున్న కుర్చీ. రెండు నెలలయింది ఆయన పోయి, అందులో ఇంకా ఎవరూ కూర్చోలేదు.

కర్ర ఇంటికొచ్చిన రోజు నుంచీ అమ్మ నాన్నతో మాట్లాడలేదు. వంట మానలేదు, బట్టలుతకడం మానలేదు, జ్వరమొస్తే తడిగుడ్డ వెయ్యడం మానలేదు. మాటొక్కటే మానేసింది. పిల్లలున్నన్నాళ్లు పిల్లల్ని రాయబారం పంపింది. 'మీ నాన్నకి చెప్పు, భోజనం చల్లారిపోతోందని.' పిల్లలు పెద్దవాళ్లయి ఎవరిళ్లకి వాళ్లు వెళ్లాక మధ్యన మనిషి లేకపోయాడు. ఏం చేస్తుంది? కుర్చీకి చెప్పేది. 'కుర్చీ, భోజనం పెట్టానని చెప్పు.' ఆయనా తక్కువ తిన్నాడా? 'కుర్చీ, వస్తున్నానని చెప్పు.' చూడ్డానికొచ్చిన టైలరమ్మ ఒకసారి ఇది విని నవ్వు ఆపుకోలేకపోయింది. బస్సెక్కాక ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఇప్పుడు టైలరమ్మ తన సామాను పెట్టుకున్న వెనకగదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఒక్క పొద్దున, రెండు గంటల పని. నాన్న కర్ర తీశాడో లేదో చెప్పగల ఒకే ఒక్క సాక్షిని తన చేత్తోనే కోసి పొయ్యిలో వేసింది. అదీ ఆయన నేర్పిన పనితనంతో.

ఎర్రదారం ఎంత వెతికితే దొరికిందనుకున్నారు? మూడు కొట్లు తిరిగింది. పాత దారం రంగు కుంకుమా కాదు, ఇటికా కాదు. కొట్టువాడు 'నమూనా తెచ్చారా అమ్మా' అంటే...

టైలరమ్మ లేచి నిలబడింది.

నమూనా తీసుకెళ్లింది. ఏ టైలరయినా తీసుకెళ్తుంది, రంగు కళ్లతో గుర్తుపెట్టుకోవడం అయ్యే పని కాదు. మొన్ననే, బ్లేడు పట్టకముందే, పిడి పక్కన చుట్టుకి కొస దొరికితే దాన్ని మాత్రం కొయ్యకుండా మెల్లిగా ఊడదీసింది.

గుండీల డబ్బా మంచం మీద బోర్లించింది. గుండీలు, హుక్కులు, వేలికి తొడిగే అంగుస్తానా. వాటి మధ్య చిటికెనవేలంత దారం చుట్ట. వార్నిష్ పట్టి బిరుసెక్కిన దారం, కర్రని వదిలినా చుట్టు వదల్లేదు, చిన్న స్ప్రింగులా ముడుచుకునే ఉంది.

ముందుగదికి వెళ్లింది. అన్నయ్య వీధి అరుగు మీద కూర్చుని చుట్టుపక్కల వాళ్ల మీద విసుక్కుంటున్నాడు. పిడి ఉన్న ముక్క తీసుకుని వెనకగదికి వచ్చేసింది. తను కొత్తగా చుట్టిన దారం పక్కన పాత చుట్ట పెట్టి చూసింది. తనది కుడిచేయి. నాన్నదీ కుడిచేయే, ఆయన చేతి మీద చెయ్యి వేసి నేర్చుకుంది.

పాత చుట్ట తన చుట్టు మీద మరలో మర కూర్చున్నట్టు కూర్చుంది. నమ్మలేక తిరగేసి పెట్టింది. బోర్లించి పెట్టింది. ఎలా పెట్టినా వాలు మారలేదు.

కుడి.

"నాన్నా" అంది. "నువ్వు తియ్యలేదు నాన్నా." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషమో దుఃఖమో ఆమెకే తెలియలేదు, ఏడుపు మాత్రం కట్టలు తెంచుకు వచ్చింది.

"ఏమిటే ఆ ఏడుపు?"

అమ్మ. టైలరమ్మ గుప్పిట మూసింది.

"ఏం లేదమ్మా."

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మంచం మీదున్న కర్రముక్క వైపు చూడకుండా కూర్చుంది. గుండీలు ఏరి ఒక్కొక్కటీ డబ్బాలో వేస్తూ మాట్లాడింది.

"దారం పోయిందని కుమిలిపోకు. పోవడమే మంచిదయింది."

"మంచిదేమిటమ్మా?"

"తేలకపోవడం మంచిది. వాడికి డబ్బులు రాకపోతే రాకపోనీ. వాన నాకు అలవాటే."

ఒక గుండీ చేతిలో పట్టుకుని కొంగుతో తుడిచింది.

"ఆయన తీశాడనే నమ్మానే. పరువుగల ఇంటి నుంచి వచ్చాను, నలుగురూ వేలెత్తి చూపిస్తుంటే భరించలేకపోయాను. మాట మానేశాను. మొదటి ఏడాది కోపంతో మానేశాను. తర్వాత అలవాటుతో. ఆ తర్వాత, ఎలా మొదలెట్టాలో తెలియక."

"నాన్న నీకేం చెప్పలేదా?"

"చెప్పాడు. ఆ సాయంత్రం ఒక్క మాటన్నాడు. 'దారం చూడు, నీకే తెలుస్తుంది' అన్నాడు. దారం చూడ్డమేమిటి, పట్టుబడ్డవాడి పిచ్చిమాటలు అనుకున్నాను. ఎడంచేతి పనీ కుడిచేతి పనీ నాకేం తెలుసు? ఇంకొక్క మాట అడిగితే చెప్పేవాడేమో. నేను అడగలేదు. నేను అడగలేదని ఆయనా చెప్పలేదు. ఇద్దరం ఇద్దరమే, మొండిఘటాలం."

టైలరమ్మ గుప్పిట్లో దారం గుచ్చుకుంటోంది.

"పోయేముందు రోజు" అంది అమ్మ, "లేవలేకపోతున్నాడు. కుర్చీ వైపు తిరిగి, 'కుర్చీ, అటక మీద సంచి ఆవిడకిమ్మని చెప్పు, అది ఆవిడదే' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నాకక్కర్లేదని చెప్పు, అన్నాను. కుర్చీతోనే."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఆయన దొంగయితే నేను దొంగ పెళ్లాన్ని. అది భరించాను, అలవాటు పడ్డాను, నా ఖర్మ అనుకున్నాను. ఇప్పుడు కాదని తేలిందనుకో..." గుండీ డబ్బాలో పడేసింది. "ఆయన దొంగ కాకపోతే నేనేమిటే? ముప్పై ఏళ్లు నేను చేసింది ఏమిటి?"

టైలరమ్మకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చిన్నప్పటి నుంచీ ఒకే ఒక్క కోరిక ఆమెకి, ఏదో ఒక రోజు అందరి ముందూ నిలబడి మా నాన్న తియ్యలేదు అని చెప్పాలని. ఆ రోజు వచ్చింది, రుజువు చేతిలో ఉంది. ఆ చెయ్యి విప్పితే అమ్మ బతకదు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, పోయినాయన్ని ఏ తలుపు తట్టి క్షమించమని అడుగుతుంది?

"ఏం కాదమ్మా" అంది. "ఏదీ తేలలేదుగా."

అమ్మ తల తిప్పి కూతురి మొహం చూసింది. తర్వాత చెయ్యి చూసింది.

"వచ్చారు!" అన్నయ్య కేక పెట్టాడు. "ఏదే, ఆ పిడిముక్క ఏదీ?"

టైలరమ్మ కర్రముక్క తెచ్చి బల్ల మీద పెట్టింది. కుడిచెయ్యి కొంగులోనే ఉంచుకుంది. భూతద్దం ఆయన కాగితం తీసి కలం టోపీ విప్పాడు.

"దొరికిందా అమ్మా?"

"లేదండీ."

"కోసేటప్పుడు వాలు గమనించావా పోనీ?"

అన్నయ్య చూపులతో బతిమాలాడు. నిజంగానే బతిమాలాడు, ఆ కళ్లలో చిన్నప్పటి బడిపిల్లాడు కనపడ్డాడు.

"గమనించలేదండీ" అంది. రెండే రెండు జవాబులు. నాన్నకి తనొక్కతే ఉండేది ఈ లోకంలో. ఇప్పుడు తనూ లేదు. క్షమించు నాన్నా అనుకుంది, నువ్వయినా ఇలాగే చెప్పేవాడివి అనుకుంది.

"ఎడమకేనండీ!" అన్నాడు అన్నయ్య. "ఇందాక నాతో అంది. ఇప్పుడు బెదిరిపోయి మర్చిపోయింది. ఏమే, అన్నావా లేదా?"

ఆయన కలం కాగితం మీద ఆగింది. "అమ్మా, నువ్వు అవునంటే అలాగే రాస్తాను. కాదంటే తెలియదని రాస్తాను. ఏం రాయను?"

గడియారం ఐదు దాటింది.

అప్పుడు అమ్మ గడప దాటింది.

ముందుగదిలోకి వచ్చి, బల్లనీ బల్ల చుట్టూ ఉన్న మనుషుల్నీ దాటుకుని, కిటికీ దగ్గరికి వెళ్లింది. పేముకుర్చీ వీపు మీద చెయ్యి వేసి దాన్ని బల్ల వైపు తిప్పింది. మనిషిని కూర్చోబెట్టి తిప్పినట్టు జాగ్రత్తగా తిప్పింది.

"కుర్చీ" అంది. "దాని గుప్పిట్లో ఉన్నది బల్ల మీద పెట్టమని చెప్పు."

"అమ్మా, వద్దమ్మా" అంది టైలరమ్మ.

"పెట్టమని చెప్పు."

గుప్పిట విప్పక తప్పలేదు. ఎర్రటి దారం చుట్ట బల్ల మీద పడి ఇంత దూరం దొర్లింది. భూతద్దం ఆయన గభాలున చెయ్యి చాపాడు, అన్నయ్య అంతకంటే ముందు చాపాడు. అమ్మ ఇద్దరి చేతులూ పక్కకి నెట్టింది.

పిడి ఉన్న ముక్క తీసుకుంది. ముప్పై ఏళ్లలో మొదటిసారి. ఆ పొట్టి పిడి ఆమె పిడికిట్లో సరిగ్గా సరిపోయింది, అటు అంగుళం మిగల్లేదు, ఇటు అంగుళం తగ్గలేదు. అమ్మ దాని వంక చూసింది.

"ఇటివ్వండి, నేను చూసి చెబుతాను" అన్నాడు భూతద్దం ఆయన మెల్లగా.

"వద్దు బాబూ. చూడమన్నది నన్ను."

రెండో చేత్తో భూతద్దం అందుకుంది. దారం మీదికి వంగింది, వంగి ఆగిపోయి, ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

"కుర్చీ" అంది, "ఆయనతో చెప్పు. దారం చూస్తున్నానని."